నేల దిగిందా, నీరు పెరిగిందా?



రైలు దిగగానే ప్లాట్‌ఫారం చివర పసుపు రంగు బోర్డు కనపడుతుంది. ఊరి పేరు మూడు భాషల్లో, దాని కింద చిన్న అక్షరాల్లో సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని. ఆ అంకె మీద మనకెవరికీ అనుమానం రాదు. సముద్రం రోజూ ఆటుపోట్లతో ఊగుతుంది కాబట్టి ఏళ్ళ తరబడి కొలిచి సగటు తీశారు, నేల ఎలాగూ కదలదు, ఇంకేం, ఆ ఎత్తు శాశ్వతం అనుకుంటాం. కాకినాడలో ఉన్నవాళ్ళకీ, కర్నూలులో ఉన్నవాళ్ళకీ ఈ లెక్క చాలు. అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నవాళ్ళకి చాలదు. అక్కడ రైలూ లేదు, బోర్డూ లేదు. ఉండి ఉంటే 2004 డిసెంబరు 26 ఉదయం ఆ బోర్డులన్నీ మళ్ళీ రాయించాల్సి వచ్చేది.

ఆ దీవులు మనకేమీ పరాయివి కావు. విశాఖపట్నంలో ఓడ ఎక్కితే రెండు రోజులకు పైగా ప్రయాణం చేసి పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతాం. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. అలవాటు కొద్దీ నేను పాత పేరే వాడితే మన్నించండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బతుకుతెరువు కోసం వెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలూ మనవలూ. జంగ్లీఘాట్ చేపల రేవులో పొద్దున్నే తెలుగులో బేరాలు వినపడతాయి. కాబట్టి ఆ నేల కుంగితే కుంగేది మనవాళ్ళ ఇళ్ళు కూడా.

ముందు ఆ దీవులు ఎలా వచ్చాయో చూద్దాం. మయన్మార్‌లో అరకాన్ యోమా అని ఒక కొండల వరుస ఉంది. అది దక్షిణాన సముద్రంలోకి దిగి, అడుగునే సాగి, మళ్ళీ సుమత్రాలో పైకి తేలుతుంది. మధ్యలో నీళ్ళపైకి తలెత్తిన శిఖరాలే అండమాన్, నికోబార్ దీవులు. పై నుంచి కింది దాకా దాదాపు 800 కిలోమీటర్ల పొడవు. మధ్యలో టెన్ డిగ్రీ ఛానల్, సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున్న సముద్రం. దానికి ఉత్తరాన అండమాన్, దక్షిణాన నికోబార్.

ఈ కొండల వరుస అక్కడే ఎందుకు లేచింది? మనం నిలబడ్డ భారత ఫలకం, దానితో పాటు బంగాళాఖాతం అడుగు, ఈశాన్యం వైపు జరుగుతూ వెళ్ళి ఆ దీవుల కిందికి దూరుతోంది. దూరే చోట, దీవులకు పడమరగా, సముద్రంలో లోతైన కందకం ఉంది. రెండు ఫలకాలు రాసుకునే చోట జారుడు సాఫీగా ఉండదు. వందల ఏళ్ళు పట్టేసి ఉంటుంది. కింది ఫలకం జరుగుతూనే ఉంటుంది కాబట్టి పై ఫలకం అంచును తనతో పాటు కిందికి గుంజుతుంది. అంచు వంగితే దాని వెనక భాగం కాస్త పైకి ఉబ్బుతుంది. ఒకరోజు ఆ పట్టు వదిలిపోతుంది. అప్పుడు కందకం వైపు అంచు ఒక్కసారిగా పైకి లేస్తుంది, వెనకున్న ఉబ్బు కిందికి కుంగుతుంది. ఏతం మాను చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. ఒక కొస లేస్తే రెండోది దిగుతుంది, ఇరుసు దగ్గర కదలిక ఉండదు. 2004లో జరిగింది అదే. కాకపోతే ఆ ఇరుసు గీత వందల కిలోమీటర్ల పొడవున దీవుల మధ్యగా పోయింది.

ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. మన కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా ఉత్తర కొస దగ్గర చీలిక మొదలైంది. అక్కడితో ఆగలేదు. సెకనుకు రెండు కిలోమీటర్లకు పైగా వేగంతో ఉత్తరానికి పాకుతూ, నికోబార్ దాటి, అండమాన్ దాటి, 1,300 కిలోమీటర్లకు పైగా చీల్చుకుంటూ పోయింది. అందుకు ఎనిమిది నిమిషాలకు పైనే పట్టింది. తీవ్రత 9.1 అని కొందరు, 9.3 అని కొందరు లెక్కకట్టారు. సునామీ గురించి మనకు తెలుసు. మన కృష్ణా, ప్రకాశం, నెల్లూరు తీరాలు కూడా ఆ రోజు మనుషుల్ని పోగొట్టుకున్నాయి. కానీ అలలు వచ్చి వెనక్కి పోయాయి. నేల మాత్రం తన పాత చోటికి రాలేదు. ఆ సంగతి అంతగా వార్తల్లోకి ఎక్కలేదు.

పోర్ట్ బ్లెయిర్ సుమారు ఒక మీటరు కుంగింది. కార్ నికోబార్ కుంగింది. దేశానికి దక్షిణపు చిట్టచివర, గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ దగ్గర 4.25 మీటర్లు కుంగింది. అక్కడ 1972లో కట్టిన లైట్‌హౌస్ ఒకటి ఉంది. ఒడ్డున పొడినేల మీద కట్టినదే. ఇప్పుడు దాని పాదం సముద్రంలో ఉంది. నికోబార్ దీవుల నడుమ భాగాన ట్రింకెట్ అనే దీవి ముక్కలైపోయింది. అక్కడివాళ్ళు పక్కనున్న కమోర్తాకు తరలిపోయారు. ఇటు ఉత్తరాన మాత్రం కథ తిరగబడింది. ఉత్తర అండమాన్ పడమటి తీరం, ఇంటర్వ్యూ దీవి, నార్త్ సెంటినెల్ దీవి మీటరూ అంతకు పైనా పైకి లేచాయి. నీళ్ళలో ఉండాల్సిన పగడపు దిబ్బలు ఎండలోకి వచ్చి తెల్లబడి చచ్చిపోయాయి.

ఈ కొలతలు ఎలా తెలిశాయనేదే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే విషయం. జీపీఎస్ స్థానాలు అప్పటికి అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వందల దీవుల్లో ప్రతి ఒడ్డు ఎంత లేచిందో, ఎంత దిగిందో ఎవరు చెప్పాలి? నీళ్ళే చెప్పాయి. ఆరన్ మెల్ట్‌నర్, కెర్రీ సీ తదితర శాస్త్రవేత్తలు భూకంపానికి ముందూ తర్వాతా తీసిన ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూశారు. ఒక్కో చిత్రం తీసిన క్షణాన అక్కడ పోటు ఏ ఎత్తులో ఉండాలో లెక్క వేశారు. ఇదివరకు నీళ్ళు బాగా దిగినప్పుడు కూడా కనపడని దిబ్బ, ఇప్పుడు అంతకన్నా ఎక్కువ నీళ్ళున్నప్పుడు కూడా బయటికి కనపడుతోందంటే నేల లేచినట్టే. ఇదివరకు పోటులో కూడా తేలి ఉన్న ఒడ్డు పాటులో సైతం మునిగి ఉందంటే దిగినట్టే. 2006లో వచ్చిన ఆ పరిశోధన లేచిన చోట్లనీ దిగిన చోట్లనీ విడదీస్తూ పటం గీసింది. దాన్ని బట్టి చూస్తే కదలిక ఉత్తరాన ప్రెపారిస్ దీవి దాకా వెళ్ళింది. అది మయన్మార్‌ది.

పగడం దగ్గరికి ఇంకాస్త దగ్గరగా వెళ్దాం. గుండ్రని బండలా పెరిగే పగడాలు కొన్ని ఉంటాయి. నీళ్ళు అన్నిటికన్నా తక్కువకు దిగే మట్టం దాకా పైకి పెరుగుతాయి, ఆ పైన పెరగలేవు, గాలి తగిలితే చస్తాయి. పై భాగం అలా చదునుగా ఆగిపోతే, పక్కలకు పెరుగుతూ పోతాయి. ఏడాదికో పొర. ఇప్పుడు నేల అరమీటరు లేచిందనుకోండి, ఆ పగడం పై అరమీటరు మేర చచ్చి, అడుగు భాగం మాత్రం బతికి పెరుగుతుంది. చచ్చిన పట్టీ వెడల్పును టేపు పెట్టి కొలిస్తే నేల లేచిన ఎత్తు తెలుస్తుంది. నేల దిగితే, ఇన్నాళ్ళూ ఆగిపోయిన అంచులు మళ్ళీ పైకి పెరగడం మొదలుపెడతాయి. కోసి చూసి పొరలు లెక్కపెడితే ఏ ఏట జరిగిందో కూడా చెప్పొచ్చు. మనిషి రాసి పెట్టుకోని భూకంపాల తేదీలు ఈ పద్ధతిలో బయటికి వస్తున్నాయి.

మడ అడవుల సంగతి మరీ విచిత్రం. మడ చెట్టుకు రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్ళు వచ్చి పోవాలి. రాకపోయినా చస్తుంది, వచ్చి పోకుండా నిలిచిపోయినా చస్తుంది. ఉత్తర అండమాన్‌లో నేల లేవడంతో పోటు అందక ఎండిపోయాయి. దక్షిణాన నికోబార్‌లో మునిగిపోయి చచ్చిపోయాయి. ఒకే భూకంపం మడ చెట్టును రెండు విధాలుగా చంపింది.

పోర్ట్ బ్లెయిర్ శివార్లలో సిప్పీఘాట్ అని ఉంది. క్రీక్ పక్కన, అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ పక్కన, కట్టలు వేసి ఉప్పునీటిని ఆపి వరి పండించిన పల్లపు నేల. ఆ ఊళ్ళో పోటుకీ పాటుకీ మధ్య తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో దాదాపు రెండు మీటర్లు. అందులో సగం, అంటే మీటరు, నేల కుంగిపోతే పొలం ఏమవుతుంది? పోటు వచ్చిన ప్రతిసారీ సముద్రం లోపలికి వస్తుంది. అలాగే వచ్చింది. వరి పోయింది, కొబ్బరి, పోక చెట్లు నిలువునా ఎండి మోడులుగా నీళ్ళలో నిలబడ్డాయి. కొన్నేళ్ళకు ఆ పొలాల్లో మడ మొక్కలు మొలిచాయి, కొంగలు దిగాయి. పక్షుల్ని చూడటానికి ఇప్పుడు జనం కెమెరాలతో వెళ్తారు. చిత్తడి నేల పునర్జన్మ ఎత్తిందని పర్యావరణం రాసేవాళ్ళు సంతోషంగా రాస్తారు. అది నిజమే, కాదనను. కానీ ఆ చిత్తడి నేలకు ఒకప్పుడు పట్టా ఉండేది, ఆ పట్టాలో ఒక రైతు పేరు ఉండేది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. వాతావరణ మార్పు వల్ల ప్రపంచ సముద్ర మట్టం ఈ మధ్య ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోంది. ఆ లెక్కన ఒక మీటరు పెరగడానికి రెండు మూడు వందల ఏళ్ళు కావాలి. ఇందిరా పాయింట్‌కి వెయ్యేళ్ళకు పైగా పట్టాల్సిన మునక నిమిషాల్లో వచ్చేసింది. అట్లా అని ఆ మిల్లీమీటర్లు లెక్కలోనివి కావని అనుకోవద్దు. కుంగిన నేల మీద అవి కూడా వచ్చి చేరతాయి. కాకపోతే, కుంగిన నేల కుంగినట్టే ఉండిపోదు. తర్వాతి ఏళ్ళలో పోర్ట్ బ్లెయిర్ కొద్దికొద్దిగా పైకి లేస్తున్నట్టు జీపీఎస్ చూపింది. కింది ఫలకం మళ్ళీ పట్టేసుకుంటుంది, మళ్ళీ వంగడం మొదలవుతుంది. అదొక చక్రం.

ఆ చక్రం ఎన్నాళ్ళకొకసారి తిరుగుతుంది? ఇందుకు పాత రికార్డులు కావాలి. అలాంటి రికార్డులు రాసిపెట్టేది పోటు కొలిచే యంత్రం, దాని గురించి ఒక మాట. ఒక నిలువు గొట్టం, అడుగున చిన్న రంధ్రం. రంధ్రం చిన్నది కాబట్టి అలల కుదుపు లోపలికి రాదు, నీటి మట్టం మాత్రం మెల్లగా పెరిగి తగ్గుతుంది. లోపల ఒక బెండు తేలుతూ ఉంటుంది. దానికి కట్టిన తీగ కప్పీ మీదుగా వెళ్ళి ఒక పెన్సిల్‌ని కదుపుతుంది. గడియారంతో తిరిగే పీపా మీద కాగితం చుట్టి ఉంటుంది, పెన్సిల్ దాని మీద గీత గీస్తుంది. పగలూ రాత్రీ గీస్తూనే ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియావారు ఇలాంటివి మన రేవుల్లో పెట్టారు. పోర్ట్ బ్లెయిర్‌లో 1880లో మొదలైంది.

మరుసటి ఏడాది చివరి రోజు, 1881 డిసెంబరు 31న, కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. మామూలు రోజుల్లో నున్నగా లేచి దిగే ఆ పెన్సిల్ గీత ఆ రోజు రంపపు పళ్ళలా వంకర్లు తిరిగింది. పోర్ట్ బ్లెయిర్‌లోనే కాదు, మద్రాసు, నాగపట్నం, మన విశాఖపట్నంలో కూడా. సునామీ అల ఎక్కడా మీటరు ఎత్తు దాటలేదు కాబట్టి పెద్దగా నష్టం లేదు. జియలాజికల్ సర్వేకి చెందిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ ఆ వివరాలు కూర్చి 1884లో ప్రచురించాడు. తర్వాత నూట ఇరవై ఏళ్ళపాటు ఆ గీతల జోలికి ఎవరూ పెద్దగా వెళ్ళలేదు. 2003లో మోదెస్తో ఓర్తీస్, రోజర్ బిల్హామ్ అనే ఇద్దరు వాటిని మళ్ళీ తీసి, ఆ వంకర్ల ఆకారాన్ని బట్టి సముద్రం అడుగున నేల ఎంత మేర, ఎంత ఎత్తుకు కదిలిందో వెనక్కి లెక్కగట్టారు. తీవ్రత సుమారు 7.9 అని తేల్చారు. కార్ నికోబార్ పడమటి అంచు కాస్త లేచి, దీవి తూర్పుకు ఒరిగిందన్నారు. అంటే అండమాన్ వరుస సునామీని పుట్టించగలదని గణితంతో సహా అచ్చయింది. చదివే పరిశోధకులు అది చదివారు. ఏడాది తిరిగాక ఏమైందో మనకు తెలుసు.

1941 జూన్ 26న వచ్చిన అండమాన్ భూకంపం గురించి తక్కువే చెప్పాలి, ఎందుకంటే గట్టిగా తెలిసింది తక్కువ. సెల్యులర్ జైలు దెబ్బతింది. ఏడాది తిరక్కుండానే జపాన్ సైన్యం దీవుల్ని ఆక్రమించడంతో వివరాలు సేకరించే నాథుడు లేకపోయాడు. అప్పటి సునామీలో ఐదు వేలమంది చనిపోయారని కొన్ని చోట్ల అచ్చులో కనపడుతుంది. దానికి గట్టి ఆధారం లేదు, నేను నమ్మను. 2004 అంతటిది అంతకు ముందు ఎప్పుడొచ్చిందో వెతకాలంటే కాగితాలు చాలవు, మట్టి తవ్వాలి. థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో తవ్వితే బురద పొరల మధ్య 2004 లాంటిదే ఇసుక పొర ఒకటి దొరికింది. దాని వయసు సుమారు 550 నుంచి 700 ఏళ్ళు.

సముద్రం సంగతి అలా ఉంచి మంచినీళ్ళ దగ్గరికి వద్దాం. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో పడేదానికి అయిదు రెట్లు. అయినా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి కుళాయి ముందు బిందెల వరుస. మే నుంచి డిసెంబరు దాకా వాన దంచికొడుతుంది. కానీ దీవి సన్నం, కొండ నిటారు. మన ఉత్తరాంధ్రవాళ్ళు గెడ్డ అంటారే, అలాంటి చిన్న చిన్న వాగులు గంటల్లో సముద్రంలో కలిసిపోతాయి. ఊరంతటికీ ముఖ్యమైన ఆధారం ధనీఖరీ అనే వాగు మీద కట్టిన డ్యామ్. నది అని పిలవదగ్గది ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్. దీవుల్లో ఎత్తైన శిఖరం సాడిల్ పీక్, 732 మీటర్లు. కల్పాంగ్ ఆ వైపు నుంచే దిగి వస్తుంది. పొడవు 35 కిలోమీటర్లు. 1,465 కిలోమీటర్ల గోదావరిని చూసిన కళ్ళకి అది కాలవ. అయినా దాని మీద 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నడుస్తోంది.

కార్ నికోబార్ లాంటి బల్లపరుపు పగడపు దీవుల్లో వాగులు కూడా ఉండవు. వాన నీరు సున్నపురాయిలోంచి ఇంకిపోతుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి, కింద ఉన్న సముద్రపు నీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, కింద నలభై మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుందని ఒక మోటు లెక్క. సముద్రపు ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరడానికి కారణం ఇదే. ఈ లెక్కను తిరగేసి చూడండి. నేల కుంగి పై మట్టం తగ్గితే అడుగున ఉప్పునీరు ఎంతగా పైకి వస్తుంది! 2004 తర్వాత నికోబార్ బావులు ఉప్పెక్కడానికి అలలు ముంచెత్తడం ఒక కారణం, నేల దిగడం రెండోది. అలల ఉప్పును కొన్ని వానాకాలాలు కడిగేస్తాయి. దిగిన నేలను వాన పైకి ఎత్తలేదు.

గ్రేట్ నికోబార్ అడవుల్లో ఉండే షోంపెన్‌లు నీళ్ళు పట్టే తీరు మన ఇంజనీర్లు చూడవలసింది. పొడుగాటి వెదురును నిలువునా చీల్చి, ఏటవాలుగా చెట్ల కింద పరుస్తారు. ఆకుల మీంచి కారిన వాన ఆ దోనెల్లో పడి ఒక చిన్న గుంటలోకి దిగుతుంది. గుంట చుట్టూ గట్టి కలప దుంగలతో కట్ట. అది నిండితే మరో వెదురు దోనె మీదుగా పొర్లిన నీళ్ళు ఇంకాస్త పెద్ద గుంటలోకి, అది నిండితే ఇంకా పెద్ద గుంటలోకి. అక్కడ బావి లేదు, సముద్రపు ఉప్పుతో సంబంధం లేదు, నేల కుంగినా ఇబ్బంది లేదు.

కాస్త పక్కకి వెళ్ళి ఒక ముచ్చట చెబుతాను. అండమాన్ సముద్రంలో, గాలి లేని రోజున, నున్నటి నీటి మీద హఠాత్తుగా ఒక పొడుగాటి చారలో నీళ్ళు ఉడికినట్టు కుతకుతలాడుతాయి. చార ఓడను దాటిపోతుంది, మళ్ళీ నున్నగా. పాత ఓడల నావికులు ఇది చూసి రాసిపెట్టారు. కారణం అడుగున ఉంది. పైన వెచ్చటి తేలిక నీరు, కింద చల్లటి బరువు నీరు. దీవుల మధ్య మిట్టల మీదుగా పోటు నీరు దొర్లేటప్పుడు ఆ రెండిటి సరిహద్దులో అల పుడుతుంది. దాని ఎత్తు అరవై మీటర్లు కూడా దాటుతుంది. పైన మనకు కనపడేది ఆ కుతకుత ఒక్కటే. ఆల్ఫ్రెడ్ ఆస్‌బోర్న్, టెరెన్స్ బర్చ్ 1980లో ఈ అలల మీద రాసిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధం. మనవాళ్ళకి ఇంకాస్త గర్వపడే సంగతి ఉంది. 1952లో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్‌కి ఇలాంటి లోపలి అలలంటే ప్రాణం. విశాఖలో సముద్ర శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఆయన ఒకరు. ఆ ఊరికి ఎదురుగా సముద్రం అడుగున కనుక్కున్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అక్కడి భూగర్భశాస్త్రం ప్రొఫెసర్.

బ్యారెన్ దీవి అగ్నిపర్వతం గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. పోర్ట్ బ్లెయిర్‌కి ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్లు. దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. 1787లో దాని మంటలు మొదటిసారి నమోదయ్యాయి, పందొమ్మిదో శతాబ్దంలో ఆగి, 1991లో మళ్ళీ లేచింది. దానికి నిప్పు పెట్టింది నీళ్ళే. దీవుల కిందికి దూరిన సముద్రపు నేల తనతో పాటు నీటిని తీసుకెళ్తుంది. వంద కిలోమీటర్ల లోతుకు దరిదాపుల్లో ఆ నీరు పైనున్న వేడి రాతిలోకి ఎక్కుతుంది. పొడిగా ఉంటే కరగని రాయి తడి తగిలితే కరుగుతుంది. అదే శిలాద్రవం.

ఇక హెచ్చరిక. 2004లో హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. అలలు విశాఖకీ చెన్నైకీ చేరేసరికి తొమ్మిది దాటింది. అంటే రెండున్నర గంటల వ్యవధి ఉంది, చెప్పేవాళ్ళు లేరు. 2007 అక్టోబరు 15న హైదరాబాద్‌లో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ప్రాంగణంలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున మూడు నాలుగు కిలోమీటర్ల లోతులో పెట్టిన పీడన యంత్రం, పైన నీటి మట్టం ఒక సెంటీమీటరు తేడా వచ్చినా పసిగడుతుంది. ఆ కబురు పైన నీటి మీద తేలే బోయాకి, అక్కడి నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కి. 2012 ఏప్రిల్ 11న 8.6 తీవ్రతతో భూమి కదిలితే పది నిమిషాల లోపే సమాచారం బయటికి వచ్చింది. అప్పుడు ఫలకాలు పక్కకు జారాయే కానీ పైకి లేవలేదు, అందుకే పెద్ద సునామీ రాలేదు.

అయితే నికోబార్‌వాళ్ళ విషయంలో పది నిమిషాలు కూడా ఎక్కువే. చీలిక వాళ్ళ కాళ్ళ కిందే ఉంది, అలలు నిమిషాల్లో వచ్చేస్తాయి. మనకైతే ఫోనులో కబురు అందుతుంది, వాళ్ళకి భూకంపమే కబురు. లిటిల్ అండమాన్‌లోని ఓంగీ తెగవాళ్ళు అప్పటికి సుమారు వంద మంది. 2004లో నేల ఊగగానే, సముద్రం తీరు చూసి, ఎత్తుకు వెళ్ళిపోయారు. అందరూ బతికారు. జంగ్లీఘాట్‌లోనో, క్యాంప్‌బెల్ బేలోనో ఉన్న తెలుగు శ్రోతలకు నేను చెప్పగలిగింది కూడా అదే. నిలబడలేనంతగా ఊగినా, నిమిషం దాటి ఊగుతూనే ఉన్నా, సైరన్ కోసం చూడకండి. పడవ సంగతి తర్వాత, ముందు గుట్ట ఎక్కండి. మొదటి అల వెళ్ళిపోయిందని వెంటనే దిగిరాకండి. గంటల తరబడి మళ్ళీ మళ్ళీ వస్తాయి.

చివరగా గ్రేట్ నికోబార్‌లోని గలాతియా నది. 1845–47 మధ్య ప్రపంచం చుట్టిన డెన్మార్క్ ఓడ పేరు ఆ నదికి వచ్చింది. అది కలిసే అఖాతం తోలుతాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. 2004లో ఆ ఇసుక తీరం కొట్టుకుపోయింది, తర్వాత మళ్ళీ ఇసుక పేరుకుంది, తాబేళ్ళు తిరిగి వచ్చాయి. ఇప్పుడు అక్కడ భారీ ఓడల రేవు కట్టాలని కేంద్రం సంకల్పించింది. 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చింది. అడవి గురించి, తాబేళ్ళ గురించి, షోంపెన్‌ల గురించి గట్టి చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. నేల గురించి జరగవలసినంత జరగడం లేదని నా అభిప్రాయం. ఇందిరా పాయింట్ అక్కడికి దగ్గరే. నాలుగు మీటర్లు కుంగే నేల మీద రేవు గోడను ఏ మట్టానికి కట్టాలి? ఇవాళ్టి సముద్రానికా, చక్రం తిరిగి నేల మెల్లగా పైకొచ్చే రోజులకా, మళ్ళీ దిగిన మర్నాటికా? మూడింటికీ వేర్వేరు ఎత్తులు, వేర్వేరు ఖర్చులు. టెండరు పిలిచే ముందు ఆ మూడు అంకెలూ ప్రజల ముందు పెట్టాలి.